చిత్తు కాగితాలు

పెద్దాయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను.
అర్సినోయె పట్నం, కాలువ వీధి, మేడ మీది గది.
ఆముదం దీపం చిటపటమంటోంది.
గోడ అవతల ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు.

"రాయమ్మా," అన్నాడు.
"నిరుడు పన్ను కట్టలేక గుడివాళ్ళు
కంచు దేవుణ్ణి తాకట్టు పెట్టారు.
వడ్డీ వ్యాపారి ముందు తూకం వేశాడు,
ఆ తర్వాత దండం పెట్టాడు.
తాకట్టులోంచి తన్ను తాను విడిపించుకోలేనివాడు
నిన్ను దేన్నుంచి విడిపిస్తాడు?"

నవ్వొచ్చింది. కలం కదిలి ఒక అక్షరం వంకరపోయింది.

"రాయి. కోనేట్లో మొసలికి తేనె రొట్టెలు,
చెవులకి బంగారు పోగులు.
మొన్న పూజారి బొటనవేలు పోయింది.
అది దేవుడి ఆగ్రహమా, ఆకలా?
ఆకలైతే అది మన వంటి ప్రాణే.
ఆగ్రహమైతే, అన్నం పెట్టిన చెయ్యి మీదా?"

ఆయన పేరు పెతెసూఖోసు.
సూఖోసు ఇచ్చిన బిడ్డ అని అర్థం.
సూఖోసంటే ఆ మొసలే.
నీళ్ళలో ముంచినప్పుడు పేరు మార్చుకోమన్నారట.
మా అమ్మ పిలిచిన పేరు నీళ్ళకి కరగదు అన్నాడట.
ఇది నేను రాయలేదు.

తర్వాత జ్ఞానుల వంతు.
"ఒకాయన లోకమంతా నీరన్నాడు. ఒకాయన నిప్పన్నాడు.
మూడో ఆయన కంటికానని నలుసులన్నాడు.
ముగ్గుర్నీ ఒక పడవెక్కిస్తే
ఒడ్డు చేరేలోగా
పడవే లేదని నాలుగో ఆయన రుజువు చేస్తాడు.
అందుచేత..."

అందుచేత దగ్గర ఆగిపోయాడు.
గడ్డం గోక్కున్నాడు. దీపం వైపు చూశాడు.
"ఆ గూట్లో అడుగున ఒక పాత చుట్ట ఉంటుంది, తియ్యి."
ఎవరిదని నేనడగలేదు. ఏథెన్సుదని వాసనే చెప్పింది.
వేలు పెట్టి వెతికి, కావలసిన మెలిక దొరకబుచ్చుకుని,
అప్పిచ్చినవాణ్ణి దొడ్డిదారిన సాగనంపినట్టు
చుట్టని మళ్ళీ గూట్లో దాచేశాడు.
ఇదీ రాయలేదు.

మా నాన్న చచ్చిన మొసళ్ళని దేవుళ్ళుగా కట్టేవాడు.
ఉప్పు పట్టించి, నార చుట్టి,
కడుపు డొల్లపోకుండా చిత్తు కాగితాలు కుక్కేవాడు.
గొర్రెల రసీదులు, విడాకుల పత్రాలు, పన్నుల లెక్కలు,
ఎప్పుడైనా ఒక ముక్క తత్వం.
ఆ కుప్ప మీద కూచునే నాకు చదువొచ్చింది.
నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట
"ఆత్మ అంటే"
అంతే, అక్కడ చిరిగిపోయింది.
మిగతాది ఏ మొసలి మింగిందో.

నిజం చెప్పాలి.
నన్నిటు తెచ్చింది ఈ వాదాలు కావు.
జ్వరాల ఏడు వీధి వీధంతా గడియలు వేసుకుంది.
తమ్ముడు వాకిట్లో రెండు పగళ్ళు పడున్నాడు.
అమ్మ తేనె రొట్టె పట్టుకుని కోనేటికి పోయింది,
వట్టి చేతులతో వచ్చింది.
అప్పుడు ముగ్గురొచ్చారు, మాకు తెలియనివాళ్ళు.
వాణ్ణి కడిగారు, జుట్టు దువ్వారు, మోశారు.
అందులో ఒకడు దారి పొడుగునా దగ్గుతూనే ఉన్నాడు.
వారం తిరక్కుండా వాణ్ణీ మోశారని విన్నాను.
వాడి పేరు ఎవర్నడిగినా తెలియదు.

పెద్దాయనతో ఒకసారి అన్నాను, అది రాద్దామని.
"అది రుజువు కాదమ్మా," అన్నాడు.
చాలాసేపు ఊరుకుని,
"రుజువు కాదు," అన్నాడు మళ్ళీ.

ఆ రాత్రి "మొసలి దేవుడు కాదు" అన్న చోట
నా చెయ్యి తగిలి సిరా ఒలికింది.
ఆ కాగితం తీసేసి ఇంకోటి మొదలుపెట్టాను.
కాగితం ఖరీదు, పాడైనా పారెయ్యరు.

పొద్దున్నే నాన్న దగ్గరికి తీసుకెళ్ళాను.
ఆయనకి అక్షరం ముక్క రాదు. నేనేమైపోయానో తెలుసు,
ఆ మాట మాత్రం మా మధ్య ఎత్తడు.
త్రాసులో వేసి రెండు రాగి కాసులిచ్చాడు.
"ఏముందే ఇందులో?"
"గొర్రెల లెక్క," అన్నాను.

ఉండ చుట్టి, బల్ల మీద తెరిచి ఉన్న పొట్టలోకి
బొటనవేలితో మెల్లగా అదిమాడు,
పసిపిల్ల నోట్లో ముద్ద పెట్టినట్టు.
"మంచి కాగితం," అన్నాడు. "దళసరిగా ఉంది.
ఇలాంటివి ఇంకా ఉంటే పట్రా."